చవకగా వచ్చేదా, చెప్పిన రోజుకు వచ్చేదా? విశాఖ చిన్న పరిశ్రమలకు కొన్ని కొనుగోలు లెక్కలు

గాజువాక ఆటోనగర్‌లో పంపులు బాగుచేసి, వాటి విడిభాగాలు కూడా తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ఇరవై ఏళ్లకు పైగా స్టోర్స్, పర్చేజ్ రెండూ నేనే చూశాను. ఆ ఇరవై ఏళ్లలో నా చెవిన ఎక్కువసార్లు పడ్డ మాట "మెటీరియల్ అయిపోనాది సార్". పొద్దున్నే షిఫ్టు మొదలవుతూనే స్టోర్స్ కుర్రాడు గుమ్మంలో నిలబడి అనేవాడు. వింత ఏమిటంటే, అదే రోజున గోడౌన్‌లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. అక్కర్లేనిది గుట్టలుగా ఉండేది, కావలసింది ఉండేది కాదు.

సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ అన్న పేరు 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంట్ వాడాక ప్రచారంలోకి వచ్చింది. పేరు కొత్తది గానీ పని పాతదే. పూర్ణా మార్కెట్‌లో తరాలుగా హోల్‌సేల్ చేస్తున్నవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవరి దగ్గర కొనాలి, ఎంత ఉంచుకోవాలి, దేని మీద తెప్పించాలి, డబ్బు ఎప్పుడు కట్టాలి. ఉన్నవి ఈ నాలుగు ప్రశ్నలే. చిక్కు ఎక్కడంటే, చాలామంది ఓనర్లు వీటికి కంపెనీ మొత్తానికి ఒకే జవాబు పెట్టుకుంటారు. "మేం స్టాకు పెట్టం" అంటాడొకాయన. "మాకు చైనా సరుకే గిట్టుబాటు" అంటాడు ఇంకొకాయన. నా మటుకు ఇది పొరపాటు. ఒకే షెడ్డులో వెల్డింగ్ రాడ్లకు ఒక జవాబు ఉంటుంది, పంపులో నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్‌కు ఇంకో జవాబు ఉంటుంది. ఏ వస్తువుకు ఆ వస్తువుగా తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి ముందు ప్రతి వస్తువు పక్కనా రెండు అంకెలు వేసుకోండి. ఇది రేపటి నుంచి రాకపోతే పని ఎన్ని రోజులు నడుస్తుంది? వేరే దారిలో తెప్పించుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? మొదటి అంకె రెండోదానికంటే చిన్నదైతే ప్రమాదం అక్కడే ఉంది, ఆ వస్తువు ఖరీదు ఎంతైనా సరే. ఎంఐటీ ప్రొఫెసర్ డేవిడ్ సిమ్చీ-లెవీ బృందం ఫోర్డ్ కంపెనీ సరఫరాదారులను ఈ పద్ధతిలోనే లెక్కగట్టింది. ఎక్కువ డబ్బు పోసి కొనేచోటే కాదు, చిల్లర ఖర్చుతో కొనే భాగాల దగ్గర కూడా కంపెనీ నిలిచిపోయే ప్రమాదం దాగి ఉందని తేలింది. మనవాళ్లు చేసే ఏబీసీ లెక్కలో ఉన్న లోపం ఇదే. అది విలువను బట్టి వరుస పెడుతుంది. నలభై రూపాయల ఓ-రింగ్ (నీళ్లు కారకుండా పెట్టే రబ్బరు రింగు) సీ తరగతిలో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. అది లేకపోతే మాత్రం నాలుగు లక్షల పంపు డెలివరీకి కదలదు.

స్టాకు పెట్టాలా, అప్పటికప్పుడు తెప్పించాలా

అప్పటికప్పుడు తెప్పించే పద్ధతికి పెద్ద పేరు టయోటా. ఆ పేరు చెప్పి గోడౌన్ ఖాళీ చేసినవాళ్లు ఆ కంపెనీ కథ సగమే విన్నారని నా అనుమానం. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సీకీ అనే సరఫరాదారు ఫ్యాక్టరీ కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. చేతిలో కొన్ని గంటలకు సరిపడా స్టాకే ఉంది. జపాన్‌లో టయోటా లైన్లు ఆగిపోయాయి. అయినా వారం గడిచేసరికి మళ్లీ కదిలాయంటే, ఎప్పుడూ ఆ వాల్వు చెయ్యని చిన్నా పెద్దా యూనిట్లు డ్రాయింగులు తెప్పించుకుని తమ మెషీన్ల మీద చేసిపెట్టడం వల్ల. అంటే స్టాకు బదులు వాళ్ల దగ్గర మనుషులున్నారు. మనకు అలా అర్ధరాత్రి ఫోన్ ఎత్తే వెండర్లు ఎంతమంది ఉన్నారో ముందు లెక్కపెట్టుకోవాలి. 2011 భూకంపం తర్వాత ఆ టయోటానే చిప్‌ల వరకు నెలల తరబడి స్టాకు ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో చిప్‌ల కరువు మొదలైనప్పుడు కొంతకాలం నిలదొక్కుకుంది కూడా అందుకే.

ఇక మన ఊరి సంగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. అప్పుడు మా షెడ్డులో మూడు వారాలకు సరిపడా ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్లున్నాయి. నాకు గర్వంగానే ఉండేది. కానీ కరెంటు లేదు, ఫోన్లు లేవు, హైవే మీద చెట్లు. జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు. పది పన్నెండు రోజుల తర్వాత పని మొదలయ్యేసరికి ఊళ్లో సగం పంపులు నీళ్లు తాగి మా గుమ్మంలో ఉన్నాయి. ప్లేట్ల మీద దుమ్ము దులిపే పని కూడా పడలేదు. గ్లాండ్ ప్యాకింగ్ (పంపు షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా చుట్టే తాడు), బేరింగులు మూడో రోజుకే ఖాళీ. నా స్టాకంతా తప్పు వస్తువుల మీద పెట్టానన్నమాట.

అప్పటి నుంచి నా సలహా ఇలా ఉంటుంది. ప్లేట్లు, యాంగిల్స్, రాడ్లు లాంటివి ఆటోనగర్ స్టాకిస్టు దగ్గర సాయంత్రానికి దొరుకుతాయి. వాటి గోడౌన్ ఖర్చు ఆయనే భరిస్తున్నాడు, మీరెందుకు మళ్లీ భరించడం? పైగా సముద్రం గాలికి బయట పడేసిన ఇనుము మన ఊళ్లో ఎంత తొందరగా తుప్పు పడుతుందో చెప్పక్కర్లేదు. వారం రోజుల సరుకు చాలు. అదే చిన్నవీ, తేలికవీ, బయట ఊరి నుంచి రావలసినవీ అయితే, అంటే సీల్స్, బేరింగులు, ఓ-రింగులు, రెండు నెలలకు తగ్గకుండా ఉంచండి. ఓ-రింగులకు వయసుంటుంది, పాతవి ముందు వాడాలి, అంతే. మే నెలకు ముందోసారి, అక్టోబరుకు ముందోసారి ఆ అర చూసుకోండి. డీజిల్ కూడా స్టాకు లెక్కలోనే రాయండి.

స్టాకు గురించి ఇంకో మాట. రేటు పెరుగుతుందట అని పుకారు పుడితే కస్టమర్ పదికి బదులు పన్నెండు అడుగుతాడు. అది చూసి డీలరు పదహారు పెడతాడు, డిస్ట్రిబ్యూటరు పాతిక. ఫ్యాక్టరీవాడు అదే నిజమైన గిరాకీ అనుకుని ఓవర్‌టైమ్ చేయిస్తాడు. రెండు నెలలకు అందరి గోడౌన్లూ నిండి ఆర్డర్లు సున్నా. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. కొరడా పిడి దగ్గర కాస్త కదిపితే కొస దగ్గర పెద్ద ఊపు వచ్చినట్టు. పిల్లల డైపర్ల అమ్మకం దుకాణాల్లో నిలకడగా ఉన్నా, తమ దాకా వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయని ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ గమనించిన సంగతి మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. మనబోటి చిన్నవాళ్లం ఆ కొరడా కొస దగ్గర ఉంటాం. పెద్ద కస్టమర్ పీవో (పర్చేజ్ ఆర్డర్) సైజు చూసి మెటీరియల్ కొనేకన్నా, వాళ్ల మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని పలకరించి నెలకు నిజంగా ఎన్ని మారుస్తున్నారో కనుక్కోవడం మేలు. ఒక టీ ఖర్చుతో పోతుంది.

దగ్గర కొనాలా, దిగుమతి చేసుకోవాలా

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి అంకెలు వేసి చూపిస్తాను. అంకెలు నేను ఊహించినవి. మీవి వేసుకుని మళ్లీ లెక్క కట్టండి.

మెకానికల్ సీల్ ఒకటి. వారానికి సగటున 6 వాడతాం, హెచ్చుతగ్గు 2 దాకా ఉంటుంది. చైనా నుంచి అయితే డ్యూటీతో కలిపి 3,000 రూపాయలు, తొమ్మిది వారాలు పడుతుంది. అందులో తయారీకి మూడు, ఓడకూ క్లియరెన్సుకూ ఆరు. మన దేశపు తయారీదారు దగ్గరైతే 3,600, వారంలో వస్తుంది. ఏడాదికి 312 సీల్స్. సీల్‌కి 600 తేడా అంటే 1,87,200 రూపాయలు. ఓనర్ ఈ అంకె చూడగానే దిగుమతి అంటాడు. నేనైనా అంతే.

ఇప్పుడు సేఫ్టీ స్టాకు, అంటే వాడకం పెరిగినా సరుకు ఆలస్యమైనా ఆదుకోవడానికి అదనంగా ఉంచేది. తుపానుల కోసం ఉంచమన్న రెండు నెలల సరుకును ఈ లెక్కలో కలపలేదు. నూటికి 95 సార్లు "అయిపోనాది" అనిపించుకోకూడదనుకుంటే 1.65ని (ఆ 95కి గణాంకాల పట్టికలో దొరికే అంకె), ఆ హెచ్చుతగ్గు 2ని, వారాల వర్గమూలాన్ని గుణించాలి. వారం గడువుకు 4 సీల్స్ అదనంగా ఉంచితే చాలు. తొమ్మిది వారాలకు 10. గడువు తొమ్మిది రెట్లయినా అదనపు స్టాకు మూడు రెట్లే పెరిగింది. భయపడాల్సినంత ఏమీ లేదు.

అయితే ఆ తొమ్మిది వారాలు ఒకసారి ఏడు, ఒకసారి పదకొండు అవుతుంటేనో? అప్పుడు పదికి బదులు దాదాపు 22 కావాలి. ఆలస్యం కాదు మనల్ని ముంచేది, నిలకడ లేకపోవడం. తొమ్మిది వారాలంటే ఖచ్చితంగా తొమ్మిదే అనేవాడు, "నాలుగైదు వారాలు సార్, చూద్దాం" అనేవాడికన్నా నయం. కొటేషన్ అడిగేటప్పుడు "ఎన్నాళ్లు పడుతుంది" అని మాత్రమే కాదు, "పోయిన ఏడాది పంపిన పది కన్‌సైన్‌మెంట్లకు ఎన్నెన్నాళ్లు పట్టింది" అని అడగండి.

మూడు నెలలకోసారి 78 సీల్స్ తెప్పిస్తే చేతిలో సగటున 39. సముద్రం మీద, మనం డబ్బు కట్టేసినవి 36. సేఫ్టీ 22. మొత్తం 97, విలువ 2,91,000. వడ్డీ, చోటు, పాడవడం అన్నీ కలిపి 18 శాతం వేస్తే ఏడాదికి 52,380. దేశీ సరుకు రెండు వారాలకోసారి తెప్పిస్తే చేతిలో సగటున 10 సీల్స్, ఖర్చు 6,480. తేడా 45,900. ఇక నాలుగు షిప్‌మెంట్లకు కస్టమ్స్ ఏజెంటు, సీఎఫ్‌ఎస్ (కంటైనరు దింపి ఉంచే యార్డు), డెలివరీ ఆర్డరు (సరుకు విడుదల చేసే కాగితం), ఆటో కిరాయి అన్నీ కలిపి ఒక్కోదానికి 20,000 అనుకుంటే 80,000. ఇవన్నీ తీసేస్తే 1,87,200 కాస్తా 61,300కి దిగింది. ఏడాదిలో రెండుసార్లు విమానంలో తెప్పించుకోవాల్సి వస్తే అదీ మిగలదు.

"ఓడలు ఆలస్యమయ్యేది యూరప్ దారిలో కదా, మనకేం" అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయెజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు కదల్లేదు. మన సరుకు ఆ దారిలో లేకపోయినా, ఖాళీ కంటైనర్లు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయి మనకూ కిరాయిలు పెరిగాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం చూశాం. దానికితోడు విశాఖకు వచ్చే కంటైనర్లు చాలావరకు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారతాయి. ఓడ మారే ప్రతి చోటా ఆ నిలకడ కాస్త తగ్గుతుంది.

ఒక్కరి దగ్గరా, ఇద్దరి దగ్గరా

ఇద్దరు వెండర్లుంటే క్షేమం అని అందరూ చెబుతారు. నేనూ నమ్మాను. ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) కాస్టింగులకు విజయవాడలో ఒకరిని, హైదరాబాద్‌లో ఒకరిని పెట్టుకున్నాను. ఒక నెలలో ఇద్దరూ రెండు రోజుల తేడాతో చేతులెత్తేశారు. ఆరా తీస్తే ఇద్దరికీ కాస్టింగు పోసిచ్చేది కోయంబత్తూరులో ఒకే ఫౌండ్రీ. దాని ఫర్నేసు పాడైంది. నేను ఇద్దరి దగ్గర కొంటున్నాననుకున్నాను, నిజానికి ఒకరి దగ్గరే ఇద్దరు మధ్యవర్తుల ద్వారా కొంటున్నాను. రెండేళ్లు దానికి ఎక్కువ రేటు కూడా కట్టాను, క్షేమం పేరు చెప్పి.

అందుకని రెండో వెండరును పెట్టుకునేముందు టెస్ట్ సర్టిఫికెట్ తెప్పించి దాని మీద ఫౌండ్రీ పేరు, హీట్ నంబరు (ఏ విడత కరిగించిన లోహమో చెప్పే నంబరు) చూడండి. వెండరు అడిగితే చెప్పడు, కాగితం చెబుతుంది. సరుకు వచ్చే దారి కూడా చూడండి. విజయవాడ, చెన్నై రెండూ మనకు జాతీయ రహదారి 16 మీదుగానే. తుపాను ఆ రోడ్డు మూసేస్తే ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. రాయపూర్ వైపు నుంచి ఒకరు ఉంటే అది వేరే లెక్క.

నిజంగా వేరైన రెండో దారి ఎంత విలువైనదో 2000 మార్చి 17న తేలింది. అమెరికాలోని అల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీలో పిడుగు వల్ల చిన్న మంట. పది నిమిషాల్లో ఆర్పేశారు గానీ పొగ, నీళ్లు కలిసి శుభ్రమైన గదులను పాడుచేశాయి. అక్కడి నుంచే కొంటున్న నోకియా వెంటనే మనుషుల్ని పరుగెత్తించి వేరే చోట్ల నుంచి చిప్‌లు సర్దుకుంది. ఎరిక్సన్‌కు రెండో దారే లేదు, సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయి.

ఇంత చెప్పినా, అన్నిటికీ ఇద్దరొద్దు. మీరు కొనేదే నెలకు ఇరవై అయితే ఆ ఇరవైని రెండుగా చీల్చితే ఇద్దరికీ మీరు లెక్కలోకి రాని కస్టమర్ అవుతారు. అలాంటప్పుడు ఒక్కరినే నమ్ముకుని, టైముకు డబ్బు కట్టి, డ్రాయింగులు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. డబ్బు అంటే గుర్తొచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆదాయపన్ను నిబంధన ప్రకారం గడువు దాటి మార్చి 31 నాటికీ బాకీ మిగిలితే ఆ ఏడాది ఆ ఖర్చుకు మినహాయింపు రాదు. తొంభై రోజుల అరువు మీద బండి నడిపేవాళ్లు వెండరును ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోవాలి.

రవాణా సంగతి

దీనిమీద నాకు పెద్ద వాదనలేమీ లేవు. సొంత లారీ వద్దు, తిరుగు లోడు వెతుక్కునే ఓపిక ఉంటే తప్ప. చిన్న సరుకుకు పార్ట్ లోడే (పలువురి సరుకుతో కలిపి ఒకే లారీలో పంపడం), కానీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రెండుసార్లు దింపి ఎక్కిస్తారు కాబట్టి గ్లాండ్ ప్లేట్లు, సీల్ ముఖాలు చెక్కపెట్టెలో పెట్టాలి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం) కావాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చెల్లుబాటు కాబట్టి హైదరాబాద్‌కు నాలుగు రోజులు వస్తుంది. బండి బయల్దేరే ముందు తియ్యండి, ముందురోజు రాత్రి కాదు.

కంటైనరులో వాటా తీసుకోవాలా, మొత్తం తీసుకోవాలా అంటే, 20 అడుగుల పెట్టెలో దాదాపు 33 ఘనపు మీటర్లు. మీ సరుకు పదమూడు పదిహేను దాటుతుంటే రెండు కొటేషన్లూ తెప్పించుకోండి, చాలాసార్లు మొత్తం పెట్టే చవక. వాటా సరుకు సీఐఎఫ్ మీద, అంటే ఓడ కిరాయి, బీమా అమ్మేవాడే కట్టే పద్ధతిలో కొంటే ఇంకో చిక్కుంది. ఓడ కిరాయి దాదాపు ఉచితం అన్నట్టు చూపిస్తారు, ఆ డబ్బంతా విశాఖలో డెలివరీ ఆర్డరు తీసుకునేటప్పుడు వసూలు చేస్తారు. పైగా సీఐఎఫ్‌లో సరుకు అవతలి రేవులో ఓడెక్కగానే నష్టభయం మనదే. అందుకే కొంచెం తలనొప్పి అయినా ఎఫ్‌వోబీ మీద (ఓడెక్కించేదాకా ఖర్చు అమ్మేవాడిది, ఆపైన కిరాయి మనది) కొని, ఓడ రవాణా చూసే ఏజెంటుగా మన ఫార్వర్డరునే పెట్టుకోమంటాను. ఫ్రీ డేస్ (అదనపు రుసుము లేకుండా సరుకు, కంటైనరు ఉంచుకునే రోజులు) ఎన్నో బుకింగ్ రోజే రాతలో తీసుకోండి. దసరా, సంక్రాంతి సెలవులు ఆ రోజుల్లోంచి తీసెయ్యరు.

అమ్మేవైపు కూడా ఇదే లెక్క

మాకు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి పంపుల పని వచ్చేది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువలో దేశంలో ముందువరుసలో ఉండే రేవుల్లో విశాఖ ఒకటి, మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద రైతు దాకా ఆ దెబ్బ తగిలింది. మా ఆర్డర్లూ తగ్గాయి. కొనేవైపు ఒకే వెండరు ఉంటే రాత్రి నిద్రపట్టని ఓనర్లకు, అమ్మకంలో అరవై శాతం ఒకే కస్టమర్‌కు పోతుంటే మాత్రం భలే ధైర్యం. ఆ కస్టమర్ రేపు ఆగితే ఎన్ని రోజులు జీతాలిస్తారు, ఇంకొకర్ని వెతకడానికి ఎన్ని రోజులు పడుతుంది? మొదట వేసుకున్న రెండు అంకెలే ఇక్కడా వెయ్యండి.

ఇంతకీ ఆ సీల్స్ సంగతి ఏం చేశామంటే, రెండూ ఉంచుకున్నాం. వారానికి నాలుగు ఎలాగూ ఖాయంగా పోతాయి, అవి దిగుమతి, మూడు నెలలకోసారి. ఆపైన ఒకటో మూడో ఊగిసలాడేవి దేశీ తయారీదారు దగ్గర, రేటు కాస్త ఎక్కువైనా. ఓడ ఆలస్యమైన వారం దేశీ ఆయనకు ఫోన్ చేసి ఇంకో పది ఎక్కువ పంపమంటాను. ఏడాది పొడుగునా ఆర్డర్లిస్తున్నవాణ్ణి కాబట్టి పంపుతాడు.